మూడేళ్ల పిల్లలకు శనివారం పరీక్షలా?

తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు ప్రీప్రైమరీ పాఠశాలల యాజమాన్యాలకు, కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు,



మా మనవడు వెళ్లే బడివాళ్లు ఈమధ్య తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక సర్క్యులర్ పెట్టారు. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు ఇకపై ప్రతి శనివారం రాతపరీక్ష. మధ్యాహ్నం ఆటల పీరియడ్ తీసేసి ఆ గంటలో రైటింగ్ ప్రాక్టీస్. ఇంటిదగ్గర రోజూ రెండు పేజీల హోంవర్క్, దాని కింద తల్లిదో తండ్రిదో సంతకం. ఇంట్లో పిల్లలతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని చివర్లో ఒక సూచన. ఆ బడి పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఊరు మారినా, బోర్డు మారినా, ఫీజు వేలల్లో ఉన్నా లక్షల్లో ఉన్నా చాలాచోట్ల ఇదే తీరు నడుస్తోంది కాబట్టి మీ అందరికీ రాస్తున్నాను. ఈ నిర్ణయాన్ని నేను ఒప్పుకోలేను. పసిపిల్లల బాధ్యత నెత్తిన వేసుకున్న మీరు ఎలా ఒప్పుకున్నారని అడుగుతున్నాను.

నేను చాలా ఏళ్లు సర్కారు బడిలో ఒకటో తరగతికి పాఠం చెప్పినదాన్ని. మీ దగ్గర యూకేజీ వరకు చదివి వచ్చిన పిల్లలు, అంగన్‌వాడీ నుంచి వచ్చిన పిల్లలు, ఏ బడి గడపా తొక్కకుండా పొలంగట్టు నుంచి నేరుగా వచ్చిన పిల్లలు నా ఎదుట ఒకే చాప మీద కూర్చున్నారు. వంద వరకు అంకెలు గడగడా అప్పజెప్పే పిల్లవాడిని ఏడు చింతపిక్కలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి పోసేవాడు. వారంవారం తల్లి వెంట సంతకు వెళ్లి కూరగాయలు ఏరి సంచిలో వేసిన పిల్ల, ఏడు అంకె రాయడం రాకపోయినా ఏడు పిక్కలే లెక్కపెట్టి తెచ్చేది. ఆ పిల్లకు అంకె దిద్దించడం కొద్దిరోజుల పని. ఆ పిల్లవాడికి ఏడంటే ఎంతో తెలియజెప్పడం అంతకంటే ఎన్నో రెట్లు కష్టం, ఎందుకంటే తనకు లెక్కలు వచ్చని వాడు అప్పటికే నమ్మేశాడు. వాడి తల్లిదండ్రులూ నమ్మేశారు. ఆ నమ్మకం వాళ్లకు ఇచ్చింది ఎవరు?

మీరు తీసేసిన ఆటల పీరియడ్ సంగతి ముందు మాట్లాడుకుందాం. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో మూడో నాలుగో కనిపిస్తాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, వాటిలో చాలామటుకు నాలుగో ఏడు దాటాక, ఆరో ఏటిలోపు ఎముకగా మారడం మొదలుపెడతాయి. అలాంటి చేతికి సన్నటి పెన్సిల్ ఇచ్చి, నాలుగు గీతల కాపీలో గీత దాటకుండా పేజీ నిండా రాయమంటున్నారు. చెయ్యి నొప్పి అని పిల్ల ఏడిస్తే మారాం అంటున్నారు. నారు ఎదగకముందే పీకి నాట్లు వేసే రైతును మీరెక్కడైనా చూశారా?

రాసే శక్తి పెన్సిల్‌తో రాదు. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి వేళ్లకు దిగుతుంది. కొమ్మకో కడ్డీకో వేలాడినప్పుడు, బిందెలోంచి చెంబుతో నీళ్లు తోడినప్పుడు, తడి ఇసుకతో పిచ్చుకగూడు కట్టినప్పుడు, చపాతీ పిండి పిసికినప్పుడు, చొక్కా గుండీ తనే పెట్టుకున్నప్పుడు ఆ చెయ్యి తయారవుతుంది. గుండీ పెట్టుకోవడానికి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చి పట్టాలి. పెన్సిల్‌కు కావలసిన పట్టూ అదే. కరివేపాకు రెబ్బ దూసే పిల్ల, మల్లెపూలు దారానికి ఎక్కించే పిల్ల, గచ్చకాయలు ఎగరేసి పట్టుకునే పిల్ల రేపు రాయబోయే అక్షరాలకు చెయ్యిని సిద్ధం చేసుకుంటోంది. ఆ గంట మీ టైంటేబుల్లో ఖాళీగా కనబడింది కాబట్టి తీసేశారు. పిల్లలకు అదే అసలైన రాత పీరియడ్.

వసంత పంచమికి మీలో చాలామంది బడిలోనే సామూహిక అక్షరాభ్యాసం జరిపిస్తారు. బాసరలోనైనా ఇంట్లోనైనా మన పెద్దలు ఆ రోజున పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో బియ్యం పోసి, చెయ్యి పట్టుకుని వేలితో దిద్దించారు. బియ్యం వేలికి తగులుతుంది, గీత తప్పితే పళ్లెం కదిపితే చెరిగిపోతుంది, ఎవరూ ఎర్రసిరాతో సున్నా చుట్టరు. ఆ ఒక్కరోజు మీరు సరిగ్గానే చేస్తున్నారు. మర్నాటి నుంచి ఆ పళ్లెం ఎక్కడికి పోతోంది?

ఇవి నా సొంత అభిప్రాయాలని కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లోనే, నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని సిఫారసు చేసింది. పసిపిల్లల మీద చదవడం, రాయడం, లెక్కలు అతిగా రుద్దడాన్ని ఆ కమిటీ హింస కిందే జమకట్టింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఐదేళ్లను పునాది దశ అంది, ఆ దశలో చదువు ఆటపాటలతోనే సాగాలంది. దాన్ని అనుసరించి 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, ఈ వయసు పిల్లలకు పరీక్షలు ఏమాత్రం తగవని తేల్చిచెప్పింది. 2020లోనే వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రీప్రైమరీ పిల్లలకు సంచే ఉండకూడదని, రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదని చెప్పింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని జాతీయ విద్యావిధానంలో ఒక మాట ఉంది. దాన్ని మాత్రం మీలో కొందరు ప్రవేశాల బ్రోషర్ల మీద పెద్దక్షరాల్లో వేసుకున్నారు. ఆ మాట ఉన్న పత్రంలోనే ఆ పిల్లలకు ఎలా చెప్పాలో కూడా ఉందిగదా, దాన్ని ఎందుకు వదిలేశారు?

తల్లిదండ్రులే అడుగుతున్నారని మీరంటారు. ఏ ప్రిన్సిపాల్‌ను కదిలించినా ముందు వచ్చే జవాబు ఇదే. నిజమే, అడుగుతున్నారు. పక్కింటి పాప అప్పుడే మూడక్షరాల మాటలు రాస్తోందని, మా బాబు ఇంకా పాటలు పాడుకుంటూ తిరుగుతున్నాడని భయపడి అడుగుతున్నారు. ఆటో నడిపే తండ్రి, ఇళ్లలో పనిచేసే తల్లి నెలజీతంలో పెద్దభాగం మీకు కట్టి, ఆ డబ్బు వృథా కావడం లేదనడానికి నోటుబుక్కులో ఏదో ఒకటి కనబడాలనుకుంటున్నారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ బిడ్డకు జ్వరమని భయపడి, ఇంజెక్షన్ వేసితీరాలని తండ్రి పట్టుబడితే అవసరం లేని సూది వేసే డాక్టరును మనం మంచి డాక్టరు అంటామా? ఆ తండ్రికి తెలియనిది మీకు తెలుసు. తెలిసినవాళ్లు చెప్పాలి. చెప్పడానికే మీరు ఆ కుర్చీలో ఉన్నారు.

పైగా ఆ భయానికి సగం కారణం మీరే. యూకేజీలో ఇంత రాయకపోతే ఒకటో తరగతిలో పెద్ద బడి సీటు రాదని చెబుతున్నది మీరు. ఆ పెద్ద బడి ఆరేళ్ల పిల్లను కూర్చోబెట్టి రాయించి చూస్తోందంటే తప్పు ఆ బడిది. ప్రవేశాల కోసం పిల్లలకు, తల్లిదండ్రులకు వడపోత పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. చట్టం ఒప్పుకోని వడపోతకు మీరు మూడేళ్ల పసివాళ్లను ముందుగా సిద్ధం చేస్తున్నారు. మీ సంఘాలు ఫీజుల మీద, గుర్తింపు మీద ఏకమై ప్రభుత్వంతో మాట్లాడగలుగుతున్నాయి. ఈ వడపోతను మేం ఒప్పుకోం అని ఒక్కసారైనా ఏకమై ఎందుకు చెప్పలేదు?

ఇక సాయంత్రాల మాట. బడి నడిచే గంటల మీద మీకు అధికారం ఉంది, సరే. ఇంటి గంటల మీద ఎవరిచ్చారు? రెండు పేజీల హోంవర్క్ అంటే మూడేళ్ల పిల్లకు గంటన్నర. ఆ గంటన్నర ఎక్కడినుంచి వస్తోంది? అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని గింజలు ఒక గిన్నెలో, తొక్కలు ఒక గిన్నెలో వేసే సమయం నుంచి వస్తోంది. అది వర్గీకరణ. ఆరిన బట్టల్లో నాన్న సాక్సులు జతకలిపే సమయం నుంచి వస్తోంది. అది పోలిక. ఇంట్లో నలుగురుంటే నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు పెట్టి, చుట్టం వస్తే ఇంకొకటి తెచ్చే సమయం నుంచి వస్తోంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అనే ఆ సంగతి చేతికి తెలియకుండా కూడికలు తలకెక్కవు. నాయనమ్మ ముగ్గు వేస్తుంటే వరుసకు ఎన్ని చుక్కలో, సందు చుక్క ఎక్కడ పడాలో చూసే సమయం నుంచి వస్తోంది. ఆ చుక్కల్లో లెక్క ఉంది, రేఖాగణితం ఉంది, ఎడమాకుడీ సమతూకం ఉంది. రైతుబజారులో తూకం రాయి ఒకవైపు, వంకాయలు ఒకవైపు వేసినప్పుడు ముల్లు ఎటు మొగ్గిందో చూసి, ఇంకొక కాయ వేస్తే ఏమవుతుందని అడిగే పిల్ల పై తరగతుల్లో వచ్చే సైన్సు పాఠాన్ని మూడేళ్లప్పుడే తాకి వస్తోంది.

ఇవి ఏ ఇంట్లోనూ పాఠాల పేరుతో జరగవు. పెద్దవాళ్లకు కాస్త సాయం, పిల్లలకు కాస్త గొప్ప. ఉల్లిపాయలు తెచ్చిపెట్టమంటే పరుగెత్తుకెళ్లి తెచ్చే పిల్లవాడికి తాను ఈ ఇంటికి పనికొస్తున్నానని తెలుస్తుంది. చెప్పింది గుర్తుపెట్టుకోవడం, వంతు వచ్చేదాకా ఆగడం, గ్లాసు ఒలికితే గుడ్డ తెచ్చి తుడవడం అక్కడే వస్తాయి. మీరు పంపిన రెండు పేజీలతో ఆ సాయంత్రం ఏమవుతోందో చెప్పనా? పనినుంచి వచ్చిన తల్లి వంటింట్లోకి పోకముందే బిడ్డ ముందు కాపీ తెరుస్తోంది. బిడ్డ నిద్రకు తూగుతుంటే అరుస్తోంది, ఒక్కోసారి చెయ్యి చేసుకుంటోంది. ఆ రోజంతా ఆ ఇద్దరికీ దొరికిన ఒకే ఒక్క తీరిక గంట అది.

అందరి ఇళ్లలోనూ నాయనమ్మలు లేరని, ముగ్గులు లేవని మీరు అనవచ్చు. నిజమే. మూడో అంతస్తు ఫ్లాటులో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు పోతే పిల్లకు మట్టి కూడా కనబడదు. అద్దెగదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఒకచోట కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే తీరిక లేదు. మరి ఆ పిల్లలకు ఇసుక, నీళ్లు, చెట్టు, తోటిపిల్లలు ఎక్కడ దొరకాలి? మీ దగ్గరే కదా? ఇల్లు ఇరుకైన కొద్దీ బడి విశాలం కావాలి. వాళ్లకు మిగిలిన ఆ ఒక్క గంటనూ మీరు డెస్కులకు కట్టేశారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలించాలని, అందులో 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎక్కువసేపు ఒకేచోట కూర్చోబెట్టవద్దంది. రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలంది. తెర ముందు గంటకు మించనివ్వద్దంది. ఉదయం ఏడున్నరకు బస్సెక్కి మధ్యాహ్నం మూడున్నరకు దిగి, హోంవర్క్ ముగించి, మీరు గ్రూపులో పంపిన రైమ్స్ వీడియో చూసి నిద్రపోయే బిడ్డ రోజులో ఆ మూడు గంటలు ఎక్కడున్నాయో మీరే వెతికి చూపించండి.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సూచన దగ్గరికి వస్తున్నాను. ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమన్నారు.

పిల్లల బుద్ధి మాటలతో పెరుగుతుంది. ఎన్ని మాటలు విన్నారన్నదాని కంటే, తామన్న మాటకు ఎదుటివాళ్లు మాట కలిపారా అన్నది ముఖ్యం. "అదేంటి?" అని బిడ్డ అడుగుతుంది. "తూనీగ. చూడు, రెక్కలు అద్దంలా ఉన్నాయి. వాన వచ్చేముందు ఇలాగే కిందకి ఎగురుతాయి" అంటుంది తల్లి. "వానకి భయమా దానికి?" అంటుంది బిడ్డ. ఈ మూడు మాటల్లో పరిశీలన ఉంది, కారణం ఉంది, ఊహ ఉంది, వాటన్నిటికీ మించి నా ప్రశ్నకు విలువుందన్న ధైర్యం ఉంది. మీ సర్క్యులర్ చదివిన తల్లి ఏం చేస్తోందో తెలుసా? తూనీగను ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలియక ఊరుకుంటోంది. తెలిసిన నాలుగు ముక్కలతో సరిపెడుతోంది. రా, కూర్చో, తిను, పడుకో, అల్లరి చెయ్యకు. ఆజ్ఞలు తప్ప కబుర్లు లేని ఇల్లు తయారవుతోంది. అమ్మమ్మ కథ చెప్పబోతే కూతురే వచ్చి, వద్దమ్మా, తెలుగులో చెబితే బడిలో వెనకబడతాడట అని ఆపుతోంది. నేనిది కళ్లారా చూశాను. బిడ్డకు తల్లి ఇవ్వగలిగిన మొత్తం సంపదను ఒక్క వాక్యంతో పనికిరానిదిగా చేసే హక్కు మీకెక్కడిది?

ఇంగ్లిష్ వద్దనడం లేదు. పేదింటి తల్లికి ఇంగ్లిష్ మీద ఉన్న ఆశ న్యాయమైనది, దాన్ని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ అది నేర్పాల్సింది బాగా వచ్చిన టీచరు, బడిలో, పాటతో, ఆటతో. తన భాషలో కథ విని, ఎందుకు, ఎలా, అప్పుడేమైంది అని అడగడం అలవాటైన బిడ్డ రెండో భాషను చులాగ్గా అందుకుంటుంది. ఏ భాషలోనూ పూర్తిగా మాట్లాడని ఇంట్లో పెరిగిన బిడ్డ దేన్ని పట్టుకుని అందుకోవాలి? రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల చేత పాటలు పాడించి, నాటికలు ఆడించి, కబుర్లు చెప్పించి తెలుగు పిల్లల్లో ఒక తరానికి నోరు ఇచ్చారు. ఆ పనిలో పరీక్ష లేదు, ర్యాంకు లేదు. ఈ నేల మీద జరిగిన పనే అది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1920లో భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం తెరిచారు. ఆయన రాసిన పుస్తకం 'పగటికల' పేరుతో తెలుగులో ఉంది, ఎందరో టీచర్లు చదివారు, మీ టీచర్లలోనూ చదివినవాళ్లుంటారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామానికి వెళ్లి, బడికి రాలేని పిల్లల దగ్గరికి బడిని వాకిళ్లలోకే తీసుకెళ్లారు. దొరికిన ఆకులు, గింజలు, రాళ్లే అక్కడ బోధనోపకరణాలు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఊరూరా అంగన్‌వాడీని తెచ్చింది. అంగన్‌వాడీల్లో లోపాలు లేవని నేననను. ఇరుకు గదులు, టీచరు మీద రాతపని భారం నాకు తెలుసు. అయినా ఆటపాట ఆ కేంద్రం పనిలో భాగమని కాగితం మీదైనా ఉంది. నెలనెలా ఫీజు కట్టించుకునే మీ దగ్గర ఆ మాత్రం కూడా ఎందుకు లేకపోవాలి?

మీ టీచర్ల గురించి ఒక మాట. వాళ్లతో నేను మాట్లాడుతుంటాను. చాలామందికి ఇదంతా తెలుసు. నలభైమంది పసిపిల్లలను ఒక గదిలో పెట్టుకుని, చాలీచాలని జీతంతో, నెలాఖరుకు అన్ని కాపీలూ దిద్ది చూపించాల్సిన పరిస్థితిలో వాళ్లు కథ చెప్పలేరు. పిల్లలను కదలనివ్వలేరు. నిశ్శబ్దంగా కూర్చోబెట్టి రాయించడమే వాళ్లకు మిగిలిన దారి. ఇరవైమందికి ఒక టీచరు, తోడుగా ఒక ఆయా ఉండాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలిచ్చింది. మీ గదుల్లో ఎంతమంది ఉన్నారు? టీచరు కింద కూర్చుని పిల్లలతో మట్టి పిసుకుతుంటే మీరు రౌండ్స్‌లో చూసి మెచ్చుకుంటారా, క్లాసులో క్రమశిక్షణ లేదని మెమో ఇస్తారా?

ఈ బిడ్డలు మీ వినియోగదారుల పిల్లలు మాత్రమే కారు. పదేళ్లు తిరిగేసరికి ప్రశ్న అడగడానికి జంకే పిల్లలు, చదువంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు తయారైతే ఆ నష్టం ఊరందరిదీ. ఆరేళ్లలోపు పిల్లలందరి సంరక్షణకు, విద్యకు రాజ్యం కృషిచేయాలని రాజ్యాంగం 45వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వం పూర్తిగా చేయలేని పనిలో మీరు భాగం తీసుకున్నారు. భాగంతో పాటు బాధ్యతా వస్తుంది.

అడుగుతున్నది మీకు అసాధ్యమైనది కాదు. ఆరేళ్లలోపు పిల్లలకు శనివారం పరీక్షలు, మార్కులు, ర్యాంకులు ఈ ఏడాదితోనే ఆపండి. హోంవర్క్ మానేసి, దాని స్థానంలో ఈ వారం ఇంట్లో బిడ్డతో కలిసి ఏ పని చేశారో వచ్చి చెప్పమని తల్లిదండ్రులను అడగండి. తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో, కోయలో, వాళ్లకు వచ్చిన భాషలో చెప్పనివ్వండి. ఇంట్లో ఇంగ్లిష్ అన్న సూచనను రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. పెరట్లో ఒక ట్రాక్టరు ఇసుక, నీళ్ల తొట్టి, పాత గిన్నెలు, గవ్వలు, చింతపిక్కలు, బొమ్మల పుస్తకాలు పెట్టండి. మీరు గోడల మీద కార్టూన్ బొమ్మలకు పెట్టే రంగుల ఖర్చు కంటే ఇది తక్కువే. నోటుబుక్కులో ఏమీ లేదేమని ఏ తండ్రయినా అడిగితే, ఆయన్ని ఒక పూట తరగతిలో కూర్చోబెట్టి తన బిడ్డ ఏం చేస్తోందో చూపించండి.

వచ్చే ఏడాది ప్రవేశాల దరఖాస్తులు మీరు ఇప్పటికే ఇస్తున్నారు. వాటితో పాటు నర్సరీ టైంటేబుల్ కూడా ఇవ్వండి. రోజులో ఆటకు ఎన్ని నిమిషాలు, కథకు ఎన్ని, ఆరుబయట ఎన్ని, ఒక్కో టీచరు దగ్గర ఎంతమంది పిల్లలు అన్నవి అందులో ఉండాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి అదే కాగితాన్ని గేటు పక్కన ఫీజుల పట్టిక అతికించే చోటే అతికించండి. తల్లిదండ్రులు రెండూ కలిపి చదువుకుంటారు.

ఇట్లు,
ఒకటో తరగతి టీచరుగా పనిచేసి రిటైరైన ఒక నాయనమ్మ